బంతిని పిల్లలకు వదిలేద్దాం

బెంగళూరులో హలసూరు దగ్గర గౌతమపుర అనే పేట ఉంది. ఇరుకు సందులు, గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, తమిళం ఎక్కువగా వినిపించే వీధులు. అక్కడ అంబేడ్కర్, బుద్ధుడు, మదర్ థెరిసా విగ్రహాల సరసన మరో విగ్రహం ఉంది. అది పెలేది. నగరం ఆ పేటను ‘మినీ బ్రెజిల్’ అని పిలుచుకుంటుంది. ఆ పేట తన మహనీయుల వరుసలో ఓ ఫుట్‌బాల్ ఆటగాడికి చోటిచ్చిందంటే, ఆ ఆట అక్కడి జనం బతుకులో ఎంతగా కలిసిపోయిందో వేరే చెప్పక్కర్లేదు.

అదే నగరానికి మరో చివర మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు. ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఏ అపార్టుమెంటులో చూసినా కనిపించే ప్రాంతాలు. శనివారం ఉదయం ఆ దారుల్లో ఏ టర్ఫ్ దగ్గర ఆగినా ఒకటే దృశ్యం. ఎత్తైన వలల మధ్య ఆకుపచ్చని నకిలీ గడ్డి. మోకాళ్ల దాకా సాక్సులు వేసుకుని, వీపు మీద మెస్సీ పేరు మోస్తున్న ఐదారేళ్ల పిల్లలు. వల బయట వాళ్ల అమ్మానాన్నలు. “కొట్టరా కన్నా, ముందుకు కొట్టు!” “పాస్ ఇవ్వమ్మా, పాస్!” “అక్కడేం చేస్తున్నావ్, పరిగెత్తు!” తెలుగు, కన్నడ, తమిళం, హిందీ కేకలన్నీ కలిసిపోతాయి. మధ్యలో కోచ్ విజిల్. బంతి దగ్గరున్న పిల్లవాడు ఒక్కసారి నాన్న వైపు చూస్తాడు. ఆ చూపులో బంతి పోతుంది.

పిల్లల్ని ఆటకు పంపుతున్న తల్లిదండ్రులకు ముందుగా దండం పెట్టాలి. ఫోన్ పక్కన పెట్టించి, పొద్దున్నే లేపి, గ్రౌండుకు తీసుకురావడమంటే ఈ ఊళ్లో మాటలు కాదు. వచ్చాక జరుగుతున్నదే సరిగ్గా లేదు. ఆరేళ్లవాడికి పదహారేళ్లవాడి ఆట నేర్పుతున్నాం. నేర్పినది రాలేదని వాడిమీద విసుక్కుంటున్నాం.

ఆ వయసు పాస్ ఇవ్వదు

ఐదారేళ్ల పిల్లవాడికి బంతి దొరికిందంటే అది వాడిదే. పక్కవాడికి ఇవ్వాలని తోచకపోవడం ఆ వయసు స్వభావం. మైదానంలో ఖాళీ ఎక్కడుందో, మరుక్షణం తన నేస్తం ఎటు పోతాడో ఊహించే నేర్పు ఇంకా కుదరలేదు. అందుకే బంతి ఎటు పోతే పిల్లలంతా అటే. చూసేవాళ్లకు అది గందరగోళంగా కనిపిస్తుంది. పిల్లలకు మాత్రం అందులోనే చదువుంది. కాళ్ల సందుల్లోంచి బంతిని బయటికి లాక్కోవడం, ఒకడు అడ్డం వస్తే పక్కకు తిప్పుకోవడం, పడి లేవడం అక్కడే వస్తాయి. ఎనిమిది, తొమ్మిదేళ్లకు తల పైకెత్తి చూడటం మొదలవుతుంది. తన కంటే మంచి చోట ఇంకొకరున్నారని అప్పుడు కనిపిస్తుంది. పాస్ పుట్టేది ఆ రోజున. అంతకు ముందు ‘పాస్, పాస్’ అని అరిచి ఇప్పించింది పాస్ కాదు. భయపడి వదిలించుకోవడం.

కాబట్టి ఆ వయసు పిల్లలకు మొట్టమొదట కావలసింది తలా ఒక బంతి. పదిహేనుమంది పిల్లలుంటే పదిహేను బంతులు. ఎన్నో చోట్ల కనిపించేది ఇందుకు పూర్తిగా విరుద్ధం. పిల్లలంతా వరుసలో నిలబడతారు. ఒక్కొక్కరు వచ్చి కోన్‌ల చుట్టూ తిప్పి గోల్లోకి కొట్టి మళ్లీ వరుస చివరికి పోతారు. లెక్క వేసి చూడండి. ఇరవై మంది, ఒక్కొక్కరికి 15 సెకన్లు. అంటే ఐదు నిమిషాలకోసారి వంతు వస్తుంది. గంట మొత్తం అదే చేయించినా ఒక్కొక్కరికి దక్కేది పన్నెండు వంతులు. మిగతా సమయమంతా ముందువాడి చొక్కా లాగడం, నకిలీ గడ్డి పీకడం. గంటకు ఇంతని డబ్బు కట్టి మనం కొంటున్నది ఆ నిలబడటాన్నే.

మంచి కోచ్ దగ్గర వరుసలుండవు. దొంగా పోలీసు ఆటనే బంతితో ఆడిస్తాడు. దొంగలందరి కాళ్ల దగ్గరా బంతులుంటాయి. ఇద్దరు పోలీసులకు ఉండవు. బంతి పోయినవాడు పోలీసైపోతాడు. ఎర్ర లైటు అనగానే అరికాలు బంతి మీద పెట్టి ఆగాలి, పచ్చ లైటు అనగానే కదలాలి. బంతిని నడిపిస్తుండగా కోచ్ చెయ్యెత్తి వేళ్లు చూపిస్తాడు. ఎన్ని వేళ్లో పిల్లలు గట్టిగా చెప్పాలి. ‘తలెత్తి చూడు’ అని నూరుసార్లు చెప్పినా రాని అలవాటు ఈ ఒక్క ఆటతో వస్తుంది. తాము డ్రిబ్లింగ్ నేర్చుకుంటున్నామని పిల్లలకు తెలియదు. ఆడుకుంటున్నామనే అనుకుంటారు. రెండూ ఒకటే కదా.

పాదంలో ఎన్ని చోట్లు

సంగీతంలో సరళీ వరుసల్లాగే ఫుట్‌బాల్‌లోనూ రోజూ చేయాల్సిన సాధన ఉంది. బంతిని తాకడానికి పాదంలో అరికాలు, లోపలి అంచు, బయటి అంచు, బూటు లేసులు కట్టే పైభాగం, వేళ్ల కొస ఇలా చాలా చోట్లున్నాయి. ఒక్కోటీ ఒక్కో పనికి. అరికాలితో బంతిని ఆపడం, వెనక్కి లాగడం, అటూ ఇటూ దొర్లించడం అన్నిటికంటే ముందు. తర్వాత లోపలి అంచు, బయటి అంచులతో చిన్న చిన్న తాకుళ్లతో బంతిని కాలికి దగ్గరగా ఉంచుకుంటూ నడవడం. ఆ తర్వాత మలుపులు. 1974 ప్రపంచకప్‌లో స్వీడన్ మీద ఆడుతూ నెదర్లాండ్స్ ఆటగాడు యోహాన్ క్రైఫ్, తన్నబోతున్నట్టు కాలు ఊపి, బంతిని తన కాళ్ల వెనక నుంచి తిప్పుకుపోయాడు. ఆ మలుపు నేటికీ ఆయన పేరుతోనే ఉంది. ఏడేళ్ల పిల్లలకు దాన్ని చూపిస్తే, ఆ వారమంతా ఇంట్లో సోఫాకీ టీపాయికీ మధ్య అదే సాధన.

పాస్ నేర్పే వయసు వచ్చాక చూడాల్సింది తన్నే కాలిని కాదు, నిలబడ్డ కాలిని. అది బంతి పక్కన, బంతి పోవాల్సిన దిక్కుకు తిరిగి ఉండాలి. తన్నే కాలి చీలమండ బిగించి, పాదం లోపలి వైపుతో బంతిని నెట్టాలి. షాట్ కొట్టేటప్పుడు వేళ్లు కిందికి వంచి, లేసుల చోట బంతి తగిలేలా చూసుకోవాలి. చిన్నపిల్లలు వేళ్ల కొసతో పొడుస్తారు. తిట్టక్కర్లేదు. కాలి బొటనవేలు నొప్పెట్టాక వాళ్లే మానేస్తారు.

అన్నిటిలోకీ విలువైనది, అన్నిటికంటే తక్కువగా నేర్పేది ఫస్ట్ టచ్, అంటే వచ్చిన బంతిని తొలిసారి తాకే తీరు. వస్తున్న బంతిని అక్కడికక్కడే చంపేయడం ఒక పద్ధతి. ఖాళీ ఉన్న వైపుకు ఒక్క తాకుడుతో మళ్లించుకోవడం ఇంకో పద్ధతి. రెండోది వచ్చినవాడికి ఆటలో ఒక క్షణం అదనంగా దొరుకుతుంది. ఒంటరిగా నేర్చుకోవడానికి దీనికి మించింది లేదు. బంతిని కొట్టి, తిరిగొస్తే అందుకోవడానికి ఒక గోడ చాలు. కుడికాలితో పది, ఎడమకాలితో పది. పన్నెండేళ్ల లోపు రెండో కాలు అలవాటైతే జీవితాంతం ఉంటుంది. తర్వాత నేర్పబోతే శరీరం మొండికేస్తుంది.

గోల్‌కీపర్ గురించి ఒక మాట. లావుగా ఉన్నాడనో, పరిగెత్తలేడనో ఒకే పిల్లవాడిని ఎప్పుడూ గోల్లో నిలబెట్టడం చూస్తుంటాం. ఇది పసివాడికి చేసే అన్యాయం. పదేళ్లు దాటేదాకా అందరూ వంతులవారీగా గోల్లో నిలబడాలి, అందరూ ముందుకెళ్లి ఆడాలి.

రహీం పంతులు దారి

ఈ పాఠాల కోసం యూరప్ దాకా పోనక్కర్లేదు. మన హైదరాబాద్‌లో ఒక బడిపంతులు ఉండేవాడు. 1909లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, ఫుట్‌బాల్ కోచ్ అయ్యాడు. ఆయన చేతిలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. చురుకుదనానికి ‘బేబీ ట్యాక్సీ’ అని పేరు తెచ్చుకున్న బెంగళూరు కుర్రాడు అరుమైనాయగం కూడా ఉన్నాడు. ఆ స్వర్ణం తెచ్చిన మరుసటి ఏడాది, 1963 జూన్‌లో రహీం క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

ఆయన ఏర్పాటు చేసిన టోర్నమెంట్లలో ఒకటి నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. అందులో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి వచ్చిందంటే వెంటనే ఇచ్చెయ్యాలి. బంతిని అట్టిపెట్టుకునే అలవాటున్న మన ఆటగాళ్లకు పాస్ ఆట నేర్పడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం అది. ఉపన్యాసం ఇవ్వలేదు, తిట్టలేదు. ఆట నియమాన్ని మార్చాడు. నియమం పాఠం చెప్పింది. పిల్లల కోచ్‌లు ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఇదే. ఎడమకాలు వాడటం లేదా? ఈ పది నిమిషాలూ ఎడమకాలి గోల్‌కు రెండు పాయింట్లు అనండి. ఒక్కడే ఆడేస్తున్నాడా? జట్టులో అందరూ బంతిని తాకాకే గోల్ లెక్క అనండి. అయితే ఒక జాగ్రత్త కావాలి. డ్రిబ్లింగ్ నిషేధం ఆట వచ్చినవాళ్లకు. ఆరేళ్ల పిల్లలకు దాన్ని పెడితే వాళ్ల నుంచి ఆటనే లాగేసుకున్నట్టు. రహీం గొప్పతనం ఎవరికి ఏది ఎప్పుడు కావాలో తెలియడంలో ఉంది.

చిన్న కాళ్లకు చిన్న మైదానం

పెద్దల గోల్‌పోస్టు వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. నాలుగడుగులు లేని పిల్లను అందులో నిలబెడితే, తల మీదుగా ఎగరేసి కొట్టినవాడు గెలుస్తాడు. అప్పుడు పిల్లలు నేర్చుకునేది ఎగరేసి కొట్టడం ఒక్కటే. పెద్దల బంతి ఐదో నంబరు, బరువు 410 నుంచి 450 గ్రాములు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు మూడో నంబరు, ఆ పైన పన్నెండేళ్ల దాకా నాలుగో నంబరు బంతి సరిపోతుంది. ‘ఎలాగూ పెరుగుతాడు కదా’ అని చెప్పులు ఒక సైజు పెద్దవి కొనడం మనకు అలవాటు. బంతి విషయంలో ఆ పొదుపు వద్దు.

జట్లు కూడా అంతే. పదకొండు మంది ఆటలో చిన్నపిల్లకు బంతి తాకడమే గగనం. ముగ్గురేసి, నలుగురేసి ఆడితే ఎవరూ దాక్కోలేరు, ఎవరినీ మరిచిపోలేం. జర్మనీ 2024-25 నుంచి చిన్నపిల్లల ఆటను దేశమంతటా మార్చేసింది. అతి చిన్నవాళ్లు ఇద్దరేసి, ముగ్గురేసి జట్లుగా నాలుగు బుల్లి గోల్‌పోస్టుల మధ్య ఆడతారు. నార్వేలో పిల్లలకు పదకొండో ఏడు వచ్చేదాకా పాయింట్ల పట్టికలే ఉండవు. మన దగ్గర అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో ‘గోల్డెన్ బేబీ లీగ్స్’ పేరుతో ఇదే దారి పట్టింది. చిన్న జట్లు, చిన్న మైదానాలు, ఆడ మగ పిల్లలు కలిసి ఆడటం. తర్వాత దాన్ని ‘బ్లూ కబ్స్’గా మార్చారు. జకార్తా ఫైనల్లో గోల్ కొట్టిన పి.కె.బెనర్జీ పుట్టినరోజు జూన్ 23ను చిన్నారుల ఫుట్‌బాల్ దినంగా జరుపుతున్నారు. ఉద్దేశం బంగారం. కానీ మన అకాడమీల టోర్నమెంట్లలో ఎనిమిదేళ్ల లోపు విభాగానికి కూడా నిలువెత్తు కప్పు, గెలవకపోతే కోచ్‌ను నిలదీయడం ఇంకా పోలేదు. కప్పు కోసం ఆడించే కోచ్ ఏం చేస్తాడు? ముందుగా ఎదిగిన, బలంగా ఉన్న పిల్లల్ని ఆడిస్తాడు. బక్కగా ఉన్న నేర్పరి బెంచీ మీద కూర్చుంటాడు, రెండేళ్లకు ఆట మానేస్తాడు. ఇలా మనం పోగొట్టుకున్నవాళ్ల లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

తలతో కొట్టించవద్దు. దీన్ని నేను నొక్కి చెబుతున్నాను. అమెరికా ఫుట్‌బాల్ సంఘం 2015లోనే పదేళ్లు, ఆ లోపు పిల్లలకు హెడర్లను నిషేధించింది. 2019లో గ్లాస్గో విశ్వవిద్యాలయం పరిశోధకులు స్కాట్లాండ్ మాజీ వృత్తి ఆటగాళ్ల రికార్డులను పరిశీలించి, మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే ముప్పు వాళ్లకు సాధారణ జనం కంటే మూడున్నర రెట్లు ఉందని తేల్చారు. ఆ తర్వాతి ఏడాదే ఇంగ్లండ్‌లో ప్రాథమిక పాఠశాల వయసు పిల్లల శిక్షణలో హెడర్లను ఆపేశారు. మీ పిల్లల కోచ్ వరుసగా నిలబెట్టి బంతి విసురుతూ తలతో కొట్టిస్తుంటే వెళ్లి ఆపమనండి.

మడమ నొప్పి అన్నా, మోకాలి చిప్ప కింద నొప్పి అన్నా ‘బద్ధకం’ అని కొట్టిపారేయకండి. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య ఎముకలు పెరిగే చోట ఇలాంటి నొప్పులు వస్తాయి. కొన్ని రోజులు విశ్రాంతి ఇవ్వాలి. ఎండెక్కాక నకిలీ గడ్డి కాలిపోతుంది కాబట్టి, పిల్లల క్లాసు పొద్దున్నే ముగియాలి.

చెరువులు పోయి మైదానాలు, మైదానాలు పోయి...

బెంగళూరు ఫుట్‌బాల్‌కు పెద్ద చరిత్రే ఉంది. 1937లో బెంగళూరు ముస్లింస్ జట్టు రోవర్స్ కప్ గెలిచింది. ఆ కప్పు గెలిచిన తొలి భారతీయ జట్టు అదే. 1948 జులై 31న లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ మీద స్వతంత్ర భారతదేశం తొలి ఒలింపిక్ గోల్ కొట్టినవాడు బెంగళూరువాడే, సారంగపాణి రామన్. మన జట్టులో ఎక్కువమంది ఆ రోజు బూట్లు లేకుండా ఆడారు. రెండు పెనాల్టీలు చేజారాయి. 1-2తో ఓడినా ఆ ఆటను ప్రపంచం మెచ్చుకుంది. ఈస్ట్ బెంగాల్ జట్టులో ‘పంచపాండవులు’ అనిపించుకున్న ఐదుగురిలో బెంగళూరు అహ్మద్ ఖాన్, మన తెలుగువాడు అప్పారావు ఉన్నారు. నాటి మైసూరు రాష్ట్రం చివరిసారి 1968-69లో గెలిచిన, రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీని కర్ణాటక మళ్లీ 2023 మార్చిలో, రియాద్‌లో అందుకుంది. 2013లో పుట్టిన బెంగళూరు ఎఫ్‌సీ తొలి సీజన్‌లోనే ఐ-లీగ్ ఎగరేసుకుపోయింది. కంఠీరవ స్టేడియంలో ‘ఛెత్రీ, ఛెత్రీ’ అని అరిచే తెలుగు పిల్లల్లో ఎంతమందికి తెలుసో కానీ, ఆ ఆటగాడు సునీల్ ఛెత్రీ పుట్టింది సికింద్రాబాద్‌లో.

ఈ పాత ఆటగాళ్లు ఏ అకాడమీలో చేరారు? వీధే వాళ్ల బడి. గౌతమపుర, ఆస్టిన్ టౌన్ లాంటి పేటల్లో పెద్దపిల్లల్ని చూసి చిన్నపిల్లలు నేర్చుకున్నారు. ఇరుకు జాగా కాబట్టి బంతిని కాలికి దగ్గరగా ఉంచుకోవడం వచ్చింది. ఎవరూ విజిల్ ఊదలేదు. ఇప్పటి కోచ్ చేయాల్సిందల్లా ఆ వీధిని గ్రౌండులోకి తీసుకురావడం.

వీధే కరువైంది మరి. కంఠీరవ స్టేడియం ఒకప్పటి సంపంగి చెరువు. అశోక్‌నగర్‌లోని ఫుట్‌బాల్ స్టేడియం కూడా చెరువు చోటే. చెరువుల్ని పూడ్చి కట్టిన నగరం, తర్వాత ఖాళీ స్థలాల్ని కూడా మిగల్చలేదు. మిగిలినవాటికి వలలు కట్టి గంటల లెక్కన అద్దెకిస్తున్నారు. ఇస్త్రీ బండి నడిపే తండ్రి కొడుకు వల బయట నిలబడి చూస్తాడు. వాడిలో ఇంకో అహ్మద్ ఖాన్ ఉన్నా మనకు తెలిసే దారి లేదు. 2003లో శుక్లా బోస్ ప్రారంభించిన పరిక్రమ బడులు పేద పిల్లలకు చదువుతోపాటు ఫుట్‌బాల్ నేర్పుతూ ఈ గోడను కొంత పగలగొట్టాయి. మన వైపు అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ పల్లె పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు పచ్చటి మైదానాలు ఇచ్చింది. బెంగళూరు నుంచి నాలుగు గంటల ప్రయాణం. ఆడపిల్లకు ఫుట్‌బాల్ ఏమిటని అడిగేవాళ్లు ఒక్కసారి వెళ్లి రావాలి. నిజామాబాద్ జిల్లా తండాలో బంతి పట్టిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌కు ఆడింది.

ఫీజు కట్టే ముందు

అకాడమీ పేరు, చొక్కా రంగు, విదేశీ క్లబ్బు గుర్తు చూసి చేర్చకండి. ఒక ఉదయం వెళ్లి అరగంట నిలబడండి. పిల్లలు కదులుతున్నారా, వరుసలో నిలబడ్డారా? తలా ఒక బంతి ఉందా? కోచ్ మాట్లాడేది ఎక్కువా, పిల్లలు ఆడేది ఎక్కువా? ఆట రాని పిల్లను ఎలా పిలుస్తున్నాడు? కోచ్‌కు ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే ‘డి’ లైసెన్సో, కనీసం చిన్నపిల్లల శిక్షణకిచ్చే ‘ఈ’ సర్టిఫికెటో ఉందేమో అడగండి. అడగడం తప్పు కాదు. ఆడపిల్లలుంటే మహిళా కోచ్ ఉన్నారా, దుస్తులు మార్చుకోవడానికి చోటుందా అని కూడా. తల్లిదండ్రుల్ని చూడనివ్వని చోట పిల్లల్ని వదలకండి.

చేర్చాక మీ పని సులువు. నీళ్ల సీసా ఇవ్వండి, దూరంగా కూర్చోండి, అరవకండి. ఇంటికి వచ్చేటప్పుడు ‘ఎన్ని గోల్స్ కొట్టావు’ అని కాకుండా ‘ఈరోజు ఏ ఆట ఆడారు’ అని అడగండి. వారానికి రెండు క్లాసులకు మించి ఆరేళ్లవాళ్లకు అక్కర్లేదు. మిగతా రోజులు చెట్లెక్కనివ్వండి, ఈత కొట్టనివ్వండి, తొక్కుడు బిళ్ల ఆడనివ్వండి. ఒంటికాలి మీద నిలదొక్కుకోవడం ఫుట్‌బాల్‌కూ కావాలి.

చివరగా అపార్టుమెంటు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. మీ ప్రాంగణాల్లో ‘ఇక్కడ బంతి ఆడరాదు’ అన్న బోర్డులు చాలా ఉన్నాయి. అద్దాలు పగులుతాయి, కార్లకు గీతలు పడతాయి, నిజమే. వల కట్టించండి, మెత్తటి బంతి ఇప్పించండి, సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు ఒక్క మూల పిల్లలకు కేటాయించండి. ఇంటి పనులు చేసేవాళ్ల పిల్లల్ని, కాపలాదారు పిల్లల్ని కూడా అందులో ఆడనివ్వండి. దీనికి కోచ్ అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఎవరో ఒకరు ఈ మాట ఎత్తాలి. ఆ ఒకరు మీరే కండి.